రెండు పసుపుపచ్చ గోలీలు

కాటారంలో మా ఇంట్లో టీవీ పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అది మా నాయనమ్మ గోలీల డబ్బా. బీపీ గోలీలు, గ్యాస్ గోలీలు, వాటితో పాటు రెండు రకాల చిన్న పసుపుపచ్చ గోలీలు. ఈ రెండూ చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకటి మెథోట్రెక్సేట్, కీళ్ళవాతానికి. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ యాసిడ్. మిగతా ఆరు రోజులు వేసుకోవాలి.

మొన్న వానాకాలంలో ఈ రెండూ తారుమారయ్యాయి. మందుల షాపులో స్ట్రిప్పులు కత్తిరించి సగం సగం ఇచ్చారు. పేరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేను ఒక్కణ్ణే, నేనేమో హాస్టల్‌లో ఉన్నా. నాయనమ్మ వారం గోలీని రోజూ వేసుకుంది. ఆరో రోజుకు నోరంతా పుండ్లు, జ్వరం. గంజి కూడా మింగలేకపోయింది. బాపు ఆమెను వరంగల్ ఆస్పత్రికి తీసుకొచ్చాడు. నేను కాలేజీ నుంచి నేరుగా అక్కడికే వెళ్ళా.

రక్త పరీక్షలో తెల్లకణాలు 1,400 ఉన్నాయి. 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. డాక్టర్ నాయనమ్మ ముఖం కంటే ఆ రిపోర్ట్‌నే ఎక్కువసేపు చూశారు. బతుకుతుందా అని బాపు అడిగితే, రేపటి అంకె చూశాక చెప్తానన్నారు.

అదే నెలలో మా మినీ ప్రాజెక్ట్ నడుస్తోంది. టాపిక్ సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. పేషెంట్ రోగనిరోధక శక్తికి సంబంధించిన జీన్స్ చూసి, ఆమె ఎంతకాలం బతుకుతుందో ముందే చెప్పే మోడల్ చెయ్యాలి. ఇలా ముందు ఏమవుతుందో అంచనా వెయ్యడాన్ని ప్రోగ్నోసిస్ అంటారు. ఆ అంచనాకు పనికొచ్చే గుర్తును బయోమార్కర్ అంటారు. ల్యాప్‌టాప్‌లో అది నాకు ఒక కాలమ్ మాత్రమే. ఆస్పత్రి వరండాలో ఆ కాలమ్ మా నాయనమ్మ అయింది.

ఆమెకు ఎక్కిస్తున్న ఇంజెక్షన్ పేరు ఫోలినిక్ యాసిడ్. వరండాలో కూర్చుని ఫోన్‌లో వెతికా. అది ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టం, మెథోట్రెక్సేట్ విషానికి విరుగుడు. ఇంకా వెతుకుతూ పోతే ఒక పేరు దగ్గర ఆగిపోయా. ప్రాణం మీదికి తెచ్చిన గోలీ, దాని పక్కన ఉండే గోలీ, రెండింటి వెనకా ఒకే ల్యాబ్ ఉంది. ఆ ల్యాబ్‌ను నడిపింది ఒక తెలుగాయన. స్కూల్లో జీకే బుక్కులో ఒక్క లైన్‌గా బట్టీ పట్టిన పేరు, యల్లాప్రగడ సుబ్బారావు. ఆ లైన్ వెనక ఉన్న మనిషి గురించి ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టా. చదివింది మీకు చెప్తున్నా.

కాశీలో అరటిపళ్ళు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. తండ్రి ఆరోగ్యం బాగోక ఉద్యోగం ముందే వదిలేశారు. చదువు రాజమండ్రిలో సాగింది. సాగింది అనడం కంటే ఈడ్చుకుంటూ పోయింది అనడం కరెక్ట్.

పదమూడేళ్ళప్పుడు ఆయన ఇంకో కుర్రాణ్ణి తోడు తీసుకుని ఇంట్లోంచి పారిపోయారు. ప్లాన్ ఏంటంటే కాశీకి పోయి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలి. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే అది ఆయన మొదటి స్టార్టప్. నిడదవోలు దాటకుండానే తల్లి పట్టుకుని వెనక్కి తెచ్చింది. కోనసీమ అరటిపళ్ళు చూసిన పిల్లాడికి వచ్చిన ఐడియానేమో తెలీదు గానీ, తల్లి ఆ రోజు స్టేషన్‌కు పోకపోయి ఉంటే ఈ కథ లేదు.

మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. ఈ మధ్యలోనే తండ్రి పోయారు. కొడుకు చదువు కోసం వెంకమ్మ తన నగలు అమ్మింది. మన క్లాసులో బ్యాక్‌లాగ్స్ ఉన్న వాళ్ళంతా ఈ పేరా రెండుసార్లు చదవొచ్చు. కానీ రెండోసారి చదివేటప్పుడు నగల లైన్ దగ్గర కాసేపు ఆగండి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు పోయింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ వాళ్ళు కూడా మెడిసిన్ చదివి జనానికి సేవ చెయ్యమని దారి మార్చారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చులకు సాయం చేశారు.

ఖద్దరు గౌను

అవి గాంధీ విదేశీ బట్ట వద్దన్న రోజులు. సుబ్బారావు సర్జరీ క్లాసుకు ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఆయనకు పూర్తి ఎంబీబీఎస్ రాలేదు. ఎల్ఎంఎస్ అనే తక్కువ సర్టిఫికెట్ ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆ తక్కువ కాగితం సముద్రం దాటాక కూడా ఆయన వెంట వచ్చింది.

ఇంతలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది స్ప్రూ అనే జబ్బు. ఈ జబ్బులో పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. మనిషి విరేచనాలతో, రక్తం తగ్గిపోయి, ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. సుబ్బారావుకూ ఆ జబ్బు తగిలింది. ఆయుర్వేద వైద్యం చేసే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి దగ్గర మందు తీసుకుని బతికి బయటపడ్డారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ పాఠాలు చెప్పారు.

ఒకే ఇంట్లో ఒకే జబ్బు వచ్చింది. ఇద్దరు పోయారు, ఒకరు మిగిలారు. ఎవరు మిగులుతారో ముందే చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. మా మినీ ప్రాజెక్ట్ అడిగే ప్రశ్న కూడా ఇదేగా అని నాకు అనిపించింది.

అమెరికా వెళ్ళి చదవాలని నిర్ణయించుకున్నారు. మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు డబ్బు కూడగట్టారు. 1920ల మొదట్లో ఓడెక్కారు. తొందరగానే తిరిగొస్తానని శేషగిరికి చెప్పి వెళ్ళారు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇలాంటి లైన్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. కానీ ఇంట్లో మిగిలిపోయిన వాళ్ళకు అదే జీవితం.

నీలం రంగు లెక్క

బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. ఎల్ఎంఎస్ కాగితంతో డాక్టర్ ఉద్యోగం రాదు కాబట్టి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా వచ్చాక హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

ఫిస్క్ ఇచ్చిన పని, రక్తంలో, మూత్రంలో భాస్వరం, అంటే ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడం. కంటికి కనిపించని దాన్ని కొలవాలి. వాళ్ళు చేసిన పద్ధతిలో శాంపిల్‌కు కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ రంగు గాఢతను బట్టి లెక్క కడతారు. 1925లో ఈ పద్ధతి అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచంలో లెక్కలేనన్ని ల్యాబుల్లో వాడారు. శాస్త్ర ప్రపంచంలో చాలా ఎక్కువసార్లు ప్రస్తావించిన పేపర్లలో అదొకటి.

నా ఉద్దేశంలో సుబ్బారావుగారి జీవితం మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. ఆయన మొదటి పెద్ద పని మందు కనిపెట్టడం కాదు. ఒంట్లో జరుగుతున్నదాన్ని ఒక అంకెగా మార్చడం. ఆ అంకె నమ్మదగినది అయితే, దాని వెంట నడిచి కొత్త చోటుకి పోవచ్చు. ఆయన అలాగే పోయారు. కండరంలో భాస్వరం లెక్క వేస్తుంటే, లెక్కకు అందని భాస్వరం కొంత కనిపించింది. దాని వెంట పడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. కండరానికి శక్తి లాక్టిక్ యాసిడ్ నుంచి వస్తుందని నోబెల్ వచ్చిన వాళ్ళు చెప్పిన రోజుల్లో, ఈ రెండు పేర్లు ఆ పాఠాన్ని మార్చేశాయి. మనం ఇంటర్‌లో ఒంటి కరెన్సీ అని చదివిన ఏటీపీ ఇదే.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఆ రోజుల్లో అక్కడే ఉన్నారు. సుబ్బారావు చేసిన పనిలో కొంత ఫిస్క్ అసూయ వల్ల బయటికి రాలేదని, దాన్ని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని ఆయన తర్వాతి కాలంలో చెప్పారు.

పెర్ల్ రివర్

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి లెడర్లే ల్యాబొరేటరీస్‌కు మారారు. న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉండేది ఆ కంపెనీ. కొద్దికాలంలోనే రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. అక్కడున్న ఎనిమిదేళ్ళలో ఆయన టీమ్ నుంచి వచ్చినవి చూస్తే ఒక మనిషి జీవితానికి ఇన్ని ఎలా పడతాయా అనిపిస్తుంది.

ముందు ఫోలిక్ యాసిడ్. దాని కథ మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు కార్మికుల ఇళ్ళలో గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ తింటే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో రాశారు. ఈస్ట్‌లో ఉన్న ఆ పదార్థం ఏంటో చాలాకాలం తెలియలేదు. అదే ఫోలిక్ యాసిడ్. కాలేయం లాంటి వాటి నుంచి దాన్ని తీస్తే చిటికెడు కూడా వచ్చేది కాదు. 1945లో సుబ్బారావు టీమ్ ల్యాబులో తయారుచేసింది. అప్పుడు చాలినంత దొరికింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే కోలుకున్నారు.

అన్నను, తమ్ముణ్ణి ఎనిమిది రోజుల్లో పోగొట్టుకున్న జబ్బు అది. పాతికేళ్ళు దాటాక దానికి మందు ఆయన చేతిలోకి వచ్చింది. ఆ రోజు ఆయన ఏమనుకున్నారో నాకు తెలీదు. ఇవాళ మన ఊళ్ళల్లో ఆశా అక్కలు గర్భిణులకు ఇచ్చే ఐరన్ గోలీలో కూడా ఫోలిక్ యాసిడ్ ఉంటుంది.

బోదకాలు పురుగును చంపే హెట్రజాన్ ఆ ల్యాబు నుంచే వచ్చింది. బోదకాలు రాకుండా అని మన ఇళ్ళకొచ్చి మింగించే డీఈసీ గోలీ అదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను ఆయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన అక్కడే మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచి తీశారు. పేపర్ల వాళ్ళు ఫొటోలకు వస్తే సుబ్బారావు వెనక వరసలో ఉండిపోయేవారు. పేరు పనిచేసిన కుర్రాళ్ళకు పోవాలని ఆయన పట్టుదల.

దొంగ తాళంచెవి

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్ని చూసేవారు. ఫోలిక్ యాసిడ్ రక్తానికి మంచిది కదా అని లెడర్లే పంపిన ఫోలిక్ రకం మందులు కొందరు పిల్లలకు ఇచ్చారు. తగ్గాల్సింది పోయి జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది. ఆ ఓటమిలోంచే వాళ్ళు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే క్యాన్సర్ కణం పెరుగుతోందంటే, దాన్ని అందకుండా చేస్తే ఎండిపోతుందా?

ఏ కణమైనా రెండు కావాలంటే ముందు డీఎన్ఏ కాపీ చెయ్యాలి. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. పెర్ల్ రివర్ కెమిస్టులు ఫోలిక్ యాసిడ్ అణువులో చిన్న చిన్న మార్పులు చేశారు. అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి, తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే తాళంచెవులు అవి. మొదటిది అమినోప్టెరిన్. దానికి ఒక మిథైల్ గుంపు చేరిస్తే వచ్చింది మెథోట్రెక్సేట్. రెండు గోలీలూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయని నేను ఊరికే అనలేదు. అణువులోనూ అంతే. మా నాయనమ్మే కాదు, మనిషి ఒంట్లోని ఎంజైమ్ కూడా ఆ రెండింటినీ గుర్తుపట్టలేదు. అక్కడే ఆ మందు పనిచేస్తుంది.

1948 జూన్‌లో ఫార్బర్ పేపర్ వచ్చింది. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. తాత్కాలికమే. ఆ పిల్లలు మిగల్లేదు. కానీ పిల్లల ల్యుకేమియా ఒక మందుకు ఇలా లొంగడం అదే మొదలు. ఇవాళ ల్యుకేమియా వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతికి పెద్దవాళ్ళవుతున్నారు. వాళ్ళకు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఆ పేపర్ వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో ఒక రాత్రి, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా తీసుకోలేదు. ఇండియాకు తిరిగీ రాలేదు. మన దేశం ఆయన పేరుతో స్టాంపు వేసింది 1995లో, ఆయన పుట్టి వందేళ్ళయ్యాక.

అంకె సున్నా అయ్యేదాకా

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు ఆయన మందు ఆడవాళ్ళ క్యాన్సర్ ఒకదాన్ని పూర్తిగా నయం చేసింది. దాని పేరు కోరియోకార్సినోమా. గర్భం వచ్చినప్పుడు మాయలో తయారయ్యే కణాలు అదుపు తప్పి గర్భసంచి నుంచి ఊపిరితిత్తుల దాకా పాకే జబ్బు. ఒళ్ళంతా పాకాక అప్పటిదాకా దాదాపు ఎవరూ బతకలేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ అనే చైనా డాక్టర్, రాయ్ హెర్ట్జ్ కలిసి ఈ రోగులకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి. అందరికీ అది చాలు. లీకి చాలలేదు. ఈ క్యాన్సర్ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను వదుల్తాయి. ప్రెగ్నెన్సీ టెస్ట్ పట్టీ చూసేది ఆ హార్మోన్‌నే. గడ్డ కనిపించకపోయినా మూత్రంలో హెచ్‌సీజీ ఇంకా ఉందంటే, ఎక్కడో కణాలు మిగిలే ఉన్నాయని లీ లెక్క. అందుకే అంకె సున్నాకు వచ్చేదాకా మందు ఆపలేదు. ఒక అంకె కోసం ఆడవాళ్ళకు విషం ఎక్కిస్తున్నాడని అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. కొన్నాళ్ళకు తేలిందేంటంటే, ముందే మందు ఆపేసిన వాళ్ళకు జబ్బు తిరగబెట్టింది. లీ చూసినవాళ్ళు నిలబడ్డారు. 1972లో అతనికి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఫిస్క్ ల్యాబులో నీలం రంగును నమ్మి నడిచిన సుబ్బారావుకూ, హెచ్‌సీజీని నమ్మి ఉద్యోగం పోగొట్టుకున్న లీకీ మధ్య నాకు ఒకే గీత కనిపించింది. మందు ఎంత గొప్పదైనా, ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే మంచి గుర్తు లేకపోతే అది గుడ్డి మందు.

మా 300 వరసలు

ఇక మా ప్రాజెక్ట్. సర్వైకల్ క్యాన్సర్‌కు హెచ్‌సీజీలాంటి ఒక్క గుర్తు లేదు. దానికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్ అని హరాల్డ్ జుర్ హౌజెన్ చూపించారు, 2008లో నోబెల్ వచ్చింది. ఈ వైరస్ చాలామంది ఆడవాళ్ళకు సోకుతుంది, ఎక్కువమందిలో రోగనిరోధక శక్తే దాన్ని తరిమేస్తుంది. తరమలేకపోయిన కొద్దిమందిలో ఏళ్ళు గడిచాక క్యాన్సర్ అవుతుంది. అంటే మొదటి నుంచీ ఇది వైరస్‌కూ, మన ఒంటి సైన్యానికీ మధ్య యుద్ధం. అందుకే గుర్తులు కూడా ఆ సైన్యంలోనే వెతుకుతున్నారు. గడ్డ లోపలికి చొరబడిన టీ కణాలు ఎన్ని? వాటిని ఆపే పీడీ-ఎల్1 అనే బ్రేకు గడ్డ మీద ఉందా? రక్తంలో న్యూట్రోఫిల్స్‌కు, లింఫోసైట్స్‌కు మధ్య నిష్పత్తి ఎంత? టీ కణాలు బాగా ఉన్నవాళ్ళు సాధారణంగా మెరుగ్గా ఉంటారు. ఆ నిష్పత్తి పెరిగిన వాళ్ళకు కష్టం ఎక్కువ. 2018లో అమెరికాలో, చికిత్స తర్వాత కూడా ముదిరిన సర్వైకల్ క్యాన్సర్‌కు పెంబ్రోలిజుమాబ్ అనే మందును ఒప్పుకున్నప్పుడు, పీడీ-ఎల్1 ఉన్నవాళ్ళకే అని షరతు పెట్టారు. మందు, గుర్తు జంటగా వచ్చాయి.

మేం వాడిన డేటా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌ది. అందరికీ ఫ్రీ. సుమారు 300 మంది పేషెంట్లు, ఒక్కొక్కరికి 20,000 దాకా జీన్స్. మా మోడల్ ట్రైనింగ్ డేటా మీద అదరగొట్టింది. పక్కన పెట్టిన టెస్ట్ డేటా మీద దాదాపు బొమ్మ బొరుసు ఆటలా పనిచేసింది. వరసలు తక్కువ, కాలమ్స్ ఎక్కువైతే ఏదో ఒక జీన్ చావుకు సరిపోయినట్టు కనిపించడం పెద్ద విషయం కాదు. ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఏంటో నాకు సిలబస్‌లో కంటే అక్కడ బాగా అర్థమైంది. ట్రైనింగ్ అంకె ఒక్కటే స్లైడ్‌లో పెడదాం, మార్కులు వస్తాయి అని మా టీమ్‌లో మాట వచ్చింది. నిజం చెప్తే, వరంగల్ ఆస్పత్రికి ముందు అయితే నేను కూడా సరే అనేవాణ్ణి.

కానీ నాయనమ్మ డాక్టర్ ఆ తెల్లకణాల అంకెను చూసిన తీరు నాకు గుర్తుంది. ఆయన దాన్ని నమ్మి మందు ఇచ్చారు. అది అబద్ధపు అంకె అయి ఉంటే? ఎక్కడో ఒక డాక్టర్ ఒకరోజు మాలాంటి వాళ్ళ మోడల్ చూసి ఒకామెకు చికిత్స ఆపేస్తే? మేం రెండు అంకెలూ స్లైడ్‌లో పెట్టాం. ఆ 300 మందిలో కాటారం, మహాముత్తారం వైపు ఆడవాళ్ళు ఒక్కరూ లేరని, వాళ్ళ మీద పరీక్షించకుండా ఈ మోడల్ వాళ్ళకు వాడకూడదని కూడా రాశాం. మార్కులు మామూలుగానే వచ్చాయి.

ఒక మాట మన అమ్మల కోసం. ఈ క్యాన్సర్ ముదిరాక ఎవరు మిగులుతారో చెప్పే గుర్తుల కోసం ప్రపంచం ఇంత కష్టపడుతోంది. ముదరక ముందే పట్టుకునే పరీక్ష మాత్రం సులువు. 30 దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేసే స్క్రీనింగ్‌లో ఉంది. సిగ్గుపడి ఆగిపోతారు. ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కసారి అడగండి.

ఆదివారం

మర్నాటి అంకె 1,200. ఇంకా తగ్గింది. బాపు ఆ రోజు అన్నం తినలేదు. మూడోరోజు 1,900. ఆరోరోజుకు 4,300. డాక్టర్ మొదటిసారి నవ్వారు. నోటి పుండ్లు మానడానికి ఇంకో వారం పట్టింది. వేగంగా పుట్టే కణాలు ఒంట్లో ఎక్కడున్నా ఆ మందు ఆపుతుంది. నోటి లోపలి చర్మం, రక్తం తయారయ్యే మూలుగ, అన్నీ దానికి ఒకటే. క్యాన్సర్‌కు ఎక్కువ డోసులో ఇచ్చేది, కీళ్ళవాతానికి వారానికి ఒకసారి కొద్దిగా ఇచ్చి రోగనిరోధక కణాల దూకుడు తగ్గించేది, రెండూ ఒకటే మందు. తేడా అంతా లెక్కలో ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో మెథోట్రెక్సేట్‌కు వేరే డబ్బా. దాని మీద పెద్ద అక్షరాలతో ఆదివారం అని తెలుగులో రాశా. నాయనమ్మకు చదువు రాదు కాబట్టి పక్కన సూర్యుడి బొమ్మ కూడా గీశా. హాస్టల్ నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేసి గోలీ వేసుకుందా అని అడుగుతా. సోమవారం మళ్ళీ చేసి, ఇవాళ ఏ డబ్బా తెరిచిందో అడుగుతా. విసుక్కుంటూనే చెప్తుంది.

మా కాటారం నుంచి కాళేశ్వరం ఎంతో దూరం లేదు. అక్కడ ప్రాణహితను కలుపుకుని గోదావరి కిందికి పోతుంది. భద్రాచలం దాటి, సుబ్బారావు మెట్రిక్‌తో కుస్తీ పట్టిన రాజమండ్రి దాకా అదే నది. నాయనమ్మకు ఆయన గురించి చెప్పా. అంతా విని, ఆయన పెండ్లాం ఎట్ల బతికిందో అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఈసారి ఆ వైపు వెతకాలి.